పొయ్యికి గాలి అడ్డు: ఒకటి చేసుకోవడం వేరు, యాభై పంచడం వేరు

వాడరేవు ఒడ్డున సాయంత్రం పూట బజ్జీలు, టీ అమ్మే వాళ్ల పొయ్యి చూసిన వారికి ఈ బాధ కొత్త కాదు. సముద్రపు గాలి మంటను పక్కకు నెట్టేస్తుంది. సెగ గిన్నెకు తగలదు, గ్యాసు మాత్రం అయిపోతుంది.

మన సంఘం దాతల్లో ఒకరి అబ్బాయి అమెరికాలో ఉంటున్నాడు. కొండలెక్కే సరదా ఉంది. అతను తెచ్చిన చిన్న పొయ్యితో పాటు శంఖు ఆకారంలో పల్చటి రేకు కూడా వచ్చింది. గిన్నె చుట్టూ నిలబెడితే గాలి ఆగుతుంది. దాని మీద పేటెంటు నంబరు ముద్రించి ఉంది. మేము దాన్ని బడికి తీసుకెళ్లి, తొమ్మిదో తరగతి పిల్లలచేత నూనె డబ్బా రేకుతో అలాంటిదే చేయించాము. నీళ్లు తొందరగా కాగాయి. దాత సంతోషించి, "యాభై చేయించండి మాస్టారూ, ఖర్చు నాది, ఒడ్డున వాళ్లకు పంచుదాం" అన్నారు. పక్కనే ఉన్న ఇంకొక పెద్దాయన, "పరాయివాడి సొత్తు కాపీ కొట్టి సదఖా చేస్తారా భాయ్?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికే ఈ పాఠం.

మన 1970 పేటెంట్ల చట్టం ప్రకారం పేటెంటు ఉన్న వస్తువును అనుమతి లేకుండా అమ్మడమే కాదు, తయారుచేయడం, వాడటం కూడా హక్కుదారుడు ఆపవచ్చు. ఊరికే పంచామన్నంత మాత్రాన మినహాయింపు రాదు. అయితే 47వ సెక్షను కేవలం ప్రయోగం, పరిశోధన కోసం, విద్యార్థులకు నేర్పడం కోసం చేసుకోవడాన్ని అనుమతిస్తుంది. మా తరగతిలో చేసినది ఆ నీడలోకి వస్తుంది. అదే రేకు రోజూ టీ బండి మీద ఉంటే రాదు. బ్రిటన్ 1977 చట్టంలో వ్యాపారం కాని సొంత వాడకానికి స్పష్టంగా మినహాయింపు ఉంది. అమెరికా చట్టంలో లేదు, మన చట్టంలోనూ ఆ మాటలు లేవు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. పేటెంటు ఏ దేశం ఇస్తే ఆ దేశం వరకే. అమెరికా నంబరు చీరాలలో చెల్లదు. మన దేశంలో కూడా పేటెంటు ఉందా అన్నది పేటెంటు కార్యాలయం వెబ్‌సైటులో ఉచితంగా వెతుక్కోవచ్చు. ఉన్నా, దరఖాస్తు చేసిన నాటినుంచి 20 ఏళ్లే. పైగా హక్కు "గాలికి అడ్డు" అనే ఆలోచన మీద కాదు, అందులో రాసుకున్న ప్రత్యేకమైన అమరిక మీద. మన నానీలు మూడు ఇటుకల పొయ్యికి గాలివాటు పక్క తడిక నిలబెట్టేవారు. ఎప్పటినుంచో ఉన్న అలాంటి తెలివికి పేటెంటు ఇవ్వకూడదని మన చట్టమే అంటుంది.

అలాగని కనిపెట్టినవాడి కష్టాన్ని చులకన చేయరాదు. తల్లి లక్ష్మి చేతులు నొప్పి పుడుతుంటే చూడలేక ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారి సంగతి మగ్గాల ఊరివాళ్లం మనకు చెప్పనక్కర్లేదు. ఆయన దానికి పేటెంటు పొందారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన యంత్రాన్ని ఎవరో దొంగచాటుగా చేసి పంచితే మనం ఒప్పుకుంటామా? అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ కూడా 1988 డిసెంబరులో కువైట్‌లో, కనిపెట్టిన వాటి మీద హక్కులు షరీఅత్ రక్షణ ఉన్నవేనని, వాటిని కాజేయరాదని తీర్మానించింది. పెద్దాయన అడిగింది సబబే.

అందుకే శంఖు నమూనా వదిలేశాము. 15 కిలోల నూనె డబ్బా రేకును అడ్డంగా విప్పి, మూడు పలకల తడికలా మడుస్తున్నాము. చెయ్యి కోసుకోకుండా అంచులు మడవాలి. గాలి ఆడటానికి కింద వరుసగా బెజ్జాలు, గిన్నెకు రేకుకు మధ్య అరంగుళం ఎడం ఉండాలి.

ఒక్క జాగ్రత్త మాత్రం చట్టం కన్నా ముఖ్యం. 5 కిలోల సిలిండరు మీదే బర్నరు బిగించిన పొయ్యికి చుట్టూ రేకు కట్టకూడదు. సెగ తిరిగి సిలిండరుకు తగిలితే పేలిపోగలదు. దానికి గాలి వచ్చే పక్క మాత్రమే, బర్నరు ఎత్తులో, దూరంగా నిలబెట్టాలి. ఒడ్డున ఎక్కువ పొయ్యిలు ఇవే. కాబట్టి రేకు ఇచ్చేముందు ప్రతి బండీ వెళ్లి చూడాల్సిందే. డబ్బాలు హోటళ్ల నుంచి ఇప్పటికి పద్దెనిమిది పోగయ్యాయి.