తుప్పు పట్టిన కారు నేర్పిన పాఠం



ఈసారి మన పాఠం వాచకంలోంచి తీసుకున్నది కాదు. మన లీక్స్‌లిప్‌లోనే ఒక ఇంటి గ్యారేజీలో, పది నెలల పాటు శనివారం సాయంత్రాలు మేము అయిదు కుటుంబాలవాళ్ళం నేర్చుకున్నది. తెలుగు బడి ఒంటిగంటకు అయిపోతే, రెండు గంటలకల్లా మా చేతులకు గ్రీజు అంటుకునేది. మాలో ముగ్గురం ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డవాళ్ళం. అందులో ఒకరిది మెకానికల్ పట్టా. అయినా ఇరవై ఏళ్ళుగా పానా పట్టుకున్న పాపాన పోలేదు. ఇంకొకరి నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో లారీ షెడ్డు నడిపేవారు. మా బృందానికి నిజమైన ఇంజనీరు ఆయన కొడుకే.

కారు ఎలా దొరికింది?

మాలో ఒకరి ఎదురింట్లో ఒక ఐరిష్ బామ్మగారు ఉంటారు. ఆవిడ భర్త పోయాక ఆయన కారు పదకొండేళ్ళుగా దుప్పటి కప్పుకుని పడి ఉంది. 1965 నాటి మోరిస్ మైనర్. రెండు తలుపులది, 1098 సీసీ ఇంజను. ఎవరైనా కొని, విప్పి, ముక్కలుగా అమ్ముకుంటారేమోనని ఆవిడ బెంగ. "మళ్ళీ రోడ్డెక్కిస్తామంటే 1100 యూరోలకు ఇస్తాను. ఒక్కసారి నన్ను ఎక్కించుకుని ఊళ్ళో తిప్పాలి" అన్నారు. మేము మాట ఇచ్చాం. ఇంటికి 600 చొప్పున 3000 యూరోలు పోగేశాం. అంతకు మించి ఒక్క సెంటు కూడా పెట్టకూడదని ఇంట్లోవాళ్ళు గట్టిగా షరతు పెట్టారు. ఆ వేసవిలో ఇండియా టిక్కెట్లు కొనాలి మరి!

ఈ కారు మనకు చుట్టమే

మోరిస్ మైనర్ 1948లో వచ్చింది. దీన్ని రూపొందించినవారు అలెక్ ఇసిగోనిస్. 1959లో వచ్చిన మినీ కారు కూడా ఆయన సృష్టే. మైనర్ నమూనా తయారయ్యాక, మరీ ఇరుకుగా ఉందనిపించి, దాన్ని నిలువునా రెండుగా కోయించి, నడుమ నాలుగంగుళాలు జరిపి చూసుకున్నారట. బాగుందనిపించి ఆ కొలతే ఖాయం చేశారు. బానెట్ మధ్యలో కనిపించే బల్లపరుపు పట్టీ ఆ నాలుగంగుళాల గుర్తే! పది లక్షలు దాటిన మొట్టమొదటి బ్రిటిష్ కారు కూడా ఇదే.

అప్పట్లో ఐర్లండ్‌లో తయారైన కార్లు దిగుమతి చేసుకుంటే సుంకం ఎక్కువ. అందుకని భాగాలుగా తెప్పించి ఇక్కడే బిగించేవారు. కార్క్ నగరంలో ఫోర్డ్ ఫ్యాక్టరీ 1919 నుంచి 1984 దాకా నడిచింది. 1950లో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ని డబ్లిన్‌లో బిగించారు. జర్మనీ బయట బీటిల్ బిగించిన మొదటి చోటు డబ్లినే.

మన దేశంలోనూ ఇదే కథ. హిందుస్తాన్ మోటార్స్ వారు మోరిస్ మైనర్‌ని 'బేబీ హిందుస్తాన్' అన్న పేరుతో అమ్మారు. 1950ల చివర నుంచి 2014 దాకా తయారైన మన అంబాసిడర్ కూడా మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నుంచి పుట్టినదే. అందుకే బామ్మగారి కారు తలుపు తీయగానే మాలో ఒకరు "అరే, మా తాతగారి అంబాసిడర్ వాసన!" అని కాసేపు అలాగే నిలబడిపోయారు.

ముందు జాగ్రత్తలు

పిల్లలూ, పని మొదలుపెట్టే ముందు మేము గోడ మీద నాలుగు నియమాలు రాసి పెట్టుకున్నాం.

1. జాకీ కారును ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. ఎత్తాక కింద ఇనప స్టాండ్లు పెట్టాలి. పిల్లలు ఎట్టి పరిస్థితుల్లోనూ కారు కిందికి వెళ్ళకూడదు.
2. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని. ఊదకూడదు, దులపకూడదు. మాస్కు పెట్టుకుని తడిపి తుడవాలి.
3. పాత రంగులో సీసం ఉండవచ్చు. ఉప్పు కాగితంతో రుద్దేటప్పుడు నీళ్ళు పోసి రుద్దాలి. ఆ పని పెద్దలది.
4. కరెంటు పని చేసే ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలి.

మరి పిల్లలకేం పని? విప్పిన ప్రతి నట్టూ బోల్టూ ఒక సంచిలో వేసి, దాని మీద తెలుగులో చీటీ రాసి అంటించడం. 'కుడి వెనుక తలుపు గొళ్ళెం' అని ఒక చీటీ వస్తే, రెండు తలుపుల కారుకు వెనుక తలుపు ఎక్కడిదని వెతికాం. అది డిక్కీ గొళ్ళెం! ఇంకొక చీటీ మీద 'ఎడమ మందు చక్రం' అని ఉంది. ఒక్క కొమ్ము మరిచిపోతే 'ముందు' కాస్తా 'మందు' అయిపోయింది. ఆ రోజు గ్యారేజీలో అందరం నవ్వుకున్నాం. రాసిన పాప మాత్రం ఇక జన్మలో 'ము' మరిచిపోదు.

కొండ నాలుకకు మందు వేస్తే...

తప్పులు పిల్లలే చేశారనుకోకండి. ఈ కాలం కార్లలో బ్యాటరీ మైనస్ తీగ బాడీకి కలుపుతారు. ఈ పాత మైనర్‌లో ప్లస్ తీగ బాడీకి కలపాలి. పుస్తకం చూడకుండా, మాకు తెలియనిదేముందిలే అని, మేము అలవాటు ప్రకారం బిగించేశాం. బామ్మగారి భర్త ముచ్చటపడి పెట్టించుకున్న రేడియో పొగలు కక్కి ఊరుకుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది. వెళ్ళి ఆవిడకు చెప్పి క్షమించమని అడిగాం. "ఆయన కూడా ఒకసారి అదే పని చేశారు. ఇది రెండో రేడియో" అన్నారు ఆవిడ నవ్వుతూ. ఆ తరువాత నుంచి మాన్యువల్ చదివాకే పానా పట్టుకోవాలన్నది అయిదో నియమం అయింది.

ఇంజను మేము భయపడినంత పెట్టలేదు. కార్బ్యురేటర్ శుభ్రం చేసి, పాయింట్లు, ప్లగ్గులు మార్చాం. ఐర్లండ్‌లో 2023 నుంచి అమ్ముతున్న ఈ10 పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది కాబట్టి గొట్టాలన్నీ కొత్తవి వేశాం. ముందు చక్రాల దగ్గర ఉండే ట్రనియన్లు అరిగిపోతే నడుస్తున్న కారుకు చక్రం ఒరిగిపోతుంది. మైనర్‌కు ఉన్న పేరు మోసిన బలహీనత అదే. అవీ మార్చాం. ఇవన్నీ చెప్పింది మా వీధి చివర ఉండే ఒక రిటైరైన ఐరిష్ మెకానిక్ గారు. డబ్బు తీసుకోలేదు. ప్రతి వారం ఇడ్లీ, అల్లం పచ్చడి మాత్రం అడిగి మరీ తీసుకున్నారు.

అసలు పరీక్ష

ఫిబ్రవరి వచ్చింది. ఉగాది వేడుకకు హాలు ముందు కారుని నిలబెట్టాలని మా సంకల్పం. పిల్లలు పోస్టరు కూడా వేసేశారు. రంగు వేయించడానికి 770 యూరోలు మిగిలాయి. ఆ శనివారం ఒక పాప స్క్రూడ్రైవరుతో తలుపు కింద గడపలా ఉండే భాగాన్ని గీకుతుంటే, అది కసుక్కున లోపలికి దిగిపోయింది. పైన రంగు బాగానే ఉంది. లోపల ఇనుము లేదు, తుప్పు పొడే ఉంది.

లారీకి చాసిస్ వేరు, బాడీ వేరు. ఆటోనగర్‌లో చాసిస్ మీద బాడీ కట్టడం మీ తాతగార్లు చూసే ఉంటారు. మైనర్‌కు అలా విడిగా చాసిస్ లేదు. బాడీయే దాని ఎముకల గూడు. ఆ గడప పోయిందంటే కారు నడుము విరిగినట్లే.

ఇది ఎందుకు జరిగింది? ఇనుము, గాలిలోని ఆక్సిజన్, నీరు, ఈ మూడూ కలిస్తే తుప్పు పుడుతుంది. ఉప్పు తోడైతే నీటిలో విద్యుత్ ప్రవాహం సులువై ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. ఇక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా! ఆ ఉప్పునీరు గడపలోకి చేరి బయటికి రాలేక ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయింది.

వెల్డింగుకు అడిగితే 640 యూరోలన్నారు. అంటే రంగుకు డబ్బు లేదు, ఉగాదికి కారూ లేదు. మాలో మేమే రెండు పక్షాలయ్యాం. "పుట్టీ పెట్టి రంగు వేసేద్దాం. ఎవరికి తెలుస్తుంది?" అని కొందరు. నిజమే, ఎవరికీ తెలియదు. ఐర్లండ్‌లో 2000లో మొదలైన ఎన్‌సీటీ పరీక్ష నలభై ఏళ్ళు దాటిన కార్లకు అక్కరలేదు. రోడ్డు పన్ను కూడా ఏడాదికి 56 యూరోలే. అడిగేవారు లేరు. గంటసేపు వాదించుకున్నాం. గొంతులు కూడా పెరిగాయి. చివరికి ఆటోనగర్ మిత్రుడు ఒక్క మాట అన్నారు. "ఇందులో ముందు సీట్లో కూర్చునేది బామ్మగారు. వెనక సీట్లో కూర్చునేది మన పిల్లలు. పరీక్ష పెట్టేవాడు లేడంటే, పరీక్ష మనమే పెట్టుకోవాలని అర్థం."

ఇక ఎవరమూ మాట్లాడలేదు. 'పైన పటారం, లోన లొటారం' అన్న సామెత బడిలో మేమే చెప్పాం. దాన్నే మేము చేయబోయామని అందరికీ అర్థమైంది. పిల్లలు పోస్టరు తీసేసేటప్పుడు ఇద్దరు ఏడ్చారు. ఆ రోజు మాకు చాలా కష్టమైంది. ఆ సంగతి ఇక్కడ దాచడం లేదు.

లెక్కలు

కారు 1100, బ్రేకులు 330, ట్రనియన్లు 210, ఇంజను సామాన్లు, గొట్టాలు 130, టైర్లు 340, బ్యాటరీ, తీగలు 120, వెల్డింగు 640. మిగిలినది ఎంతో మీరే లెక్క కట్టండి. ఆ మిగిలిన డబ్బుతో ప్రైమరు, ఒక డబ్బా ఆకుపచ్చ రంగు, కుంచెలు కొని మేమే వేశాం. దగ్గరగా చూస్తే కుంచె గీతలు కనిపిస్తాయి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కాలపు పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. దాని నిగనిగ మన మైనర్‌కు లేదు. కానీ గడప గట్టిది.

ఆగస్టులో ఒక ఆదివారం బామ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని మెయిన్ స్ట్రీట్ మీదుగా లిఫీ వంతెన దాకా వెళ్ళాం. ఆవిడ దారంతా ఏమీ మాట్లాడలేదు. దిగాక తలుపు వేసి, మళ్ళీ తీసి, మళ్ళీ వేశారు. "ఆ చప్పుడే" అన్నారు. రేడియో గురించి అడగలేదు.

మాటల మూట

స్టెప్నీ: మన ఊళ్ళల్లో అదనపు చక్రాన్ని ఇలాగే అంటాం. వేల్స్‌లోని లనెల్లీ పట్టణంలో స్టెప్నీ వీధి ఉంది. 1904లో అక్కడి అన్నదమ్ములు తయారుచేసిన అదనపు చక్రానికి ఆ వీధి పేరే వచ్చింది. ఇక్కడివాళ్ళు ఆ మాట మరిచిపోయారు, మనం దాచుకున్నాం.
డిక్కీ: పాత కార్ల వెనక భాగంలో తెరిచి కూర్చునే సీటుకు పేరు. మనవాళ్ళు సామాను పెట్టే చోటుకు వాడుతున్నారు.
ఇరుసు: రెండు చక్రాలను కలిపే కడ్డీ. ఎడ్లబండికీ కారుకూ ఒకటే మాట.
మరమేకు: స్క్రూ. మర అంటే మెలిక తిరిగిన గాడి.
ఆకురాయి: ఇనుమును అరగదీసే పనిముట్టు.
పట్టకారు: వేడి వస్తువులను, తీగలను పట్టుకునేది.

అభ్యాసం

1. రంగుకు మిగిలిన డబ్బు ఎంత?
2. నాలుగు సీసాల్లో నాలుగు మేకులు వేయండి. ఒకదానిలో పొడి బియ్యం, ఒకదానిలో కుళాయి నీళ్ళు, ఒకదానిలో ఉప్పునీళ్ళు, ఒకదానిలో కాచి చల్లార్చిన నీళ్ళు పోసి పైన నూనె పొర వేయండి. వారం తరువాత ఏది ఎక్కువ తుప్పు పట్టిందో, ఏది తక్కువ పట్టిందో, ఎందుకో అయిదు వాక్యాల్లో రాయండి.
3. 'ముందు - మందు' లాగా ఒక్క గుర్తుతో అర్థం మారే మాటలు మూడు చెప్పండి.
4. మీ తాతగారికి, అమ్మమ్మగారికి ఫోన్ చేసి, వాళ్ళు ఎక్కిన మొదటి కారు గురించి అడిగి, వచ్చే శనివారం బడిలో చెప్పండి.

తల్లిదండ్రులకు ఒక మాట. నాలుగో ప్రశ్నకు జవాబు మీరు చెప్పకండి. ఫోన్ కలిపి ఇచ్చి, పక్కన కూర్చుని వినండి.