డాలు తోక పాము

నాన్నగారి బదిలీ మీద కొడగు వచ్చిన కొత్తలో, వాన వెలిసిన ఒక ఉదయం బడి దారిలో మేము జానెడు పామును చూశాం. ఒకరు కర్ర ఎత్తారు. వెనుకే వస్తున్న సైన్సు టీచరుగారు ఆపారు. "ఇది షీల్డ్‌టెయిల్. దీనికి విషం లేదు" అన్నారు.

ఈ జాతి పాములు భారత ద్వీపకల్పంలోను, శ్రీలంకలోను మాత్రమే ఉంటాయి. మొనదేలిన తలతో మట్టిని తొలుచుకుంటూ పోయి వానపాములను తింటాయి. గుడ్లు పెట్టవు, పిల్లలను కంటాయి. తోక చివర గరుకుగా డాలులా ఉంటుంది. దానికి అంటుకున్న మట్టి శత్రువుకు అడ్డవుతుంది. ఎప్పుడూ నేలలోనే దాగి ఉండే ఇవి వానలకు పైకి వచ్చి, రోడ్డు దాటుతూ బండ్ల కింద పడతాయి.

ఏది విషపు పామో మనం పోల్చలేం. కనుక ఏ పామునూ ముట్టుకోకూడదు, కొట్టకూడదు. మేము దూరంగా నిలబడ్డాం. అది మెల్లగా ఆకుల కిందికి జారిపోయింది.