పట్టిక పక్కన ఓ పేజీ: గణాంకాల కొలువు నేర్పిన పాఠాలు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో పంటల లెక్కలు, వాన లెక్కలు రాస్తూ నా ఉద్యోగం గడిచింది. ఇప్పుడు ఆ కుర్చీల్లో కూర్చున్న పిల్లల కోసం ఈ మాటలు.

1. అడిగేవాడు తప్పులు పట్టడానికే వచ్చాడనుకోవద్దు.
విశ్వవిద్యాలయం నుంచి ఓ కుర్రవాడు వచ్చి కేసీ కాలువ కింద ఊరూరి వరి విస్తీర్ణం అడిగితే, "ఎందుకు? ఎవరు పంపారు?" అని ఆరా తీసేవాళ్లం. కారణం చెప్పనక్కర్లేదని 2005 సమాచార హక్కు చట్టం తేల్చింది. మండల స్థాయిలో దరఖాస్తు రుసుము ఐదు రూపాయలు, గ్రామ స్థాయిలో అదీ లేదు. దరఖాస్తు అవసరమే పడనంతగా వివరాలు ముందే బయటపెట్టమని అదే చట్టం నాలుగో సెక్షన్ చెబుతుంది. మా తరం జవాబులు రాయడం నేర్చింది గానీ, ఆ సెక్షన్ జోలికి పోలేదు.

2. హద్దు మారినప్పుడల్లా లెక్క తెగుతుంది.
1953లో ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి నుంచి కర్నూలు జిల్లాకు వచ్చాయి. 1970లో మార్కాపురం, గిద్దలూరు ప్రకాశంలోకి వెళ్లాయి. 1985లో మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపోయి నంద్యాల జిల్లా అయింది. జిల్లా మొత్తాలే ఇస్తే, హద్దు మారిన ఏడాది కర్నూలులో సేద్యం కుప్పకూలిందని దూరాన ఉన్నవాడు అనుకుంటాడు. ఊరివారీ అంకెలుంటే ఏ హద్దుకైనా కూడుకోవచ్చు.

3. ఏ ఏడాదో, ఏ కొలతో పట్టికలోనే ఉండాలి.
రెవెన్యూ ఏడాది (ఫసలీ) జూలైలో మొదలవుతుంది, బడ్జెట్ ఏడాది ఏప్రిల్‌లో, వాన లెక్క జూన్‌లో. ఊరి రికార్డు అడంగల్ ఎకరాల్లో ఉంటే పైకి పంపే నివేదిక హెక్టార్లలో ఉంటుంది. మాకివన్నీ కంఠతా వచ్చు కాబట్టి ఎక్కడా రాయలేదు. ఫసలీ 1395 అంటే 1985-86 అని ఢిల్లీ పరిశోధకురాలికి ఎవరు చెబుతారు?

4. కంటికి కనిపించిందల్లా చేతికి అందినట్టు కాదు.
భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో తన ఖాతా చూసుకునే రైతుకు తెర మీది పేజీ చాలు. ఆళ్లగడ్డ, శిరివెళ్ల, రుద్రవరం మండలాల్లో పదేళ్ల పంట మార్పును లెక్కకట్టేవాడికి చాలదు. ఎక్సెల్‌లో ఉన్నదాన్ని ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి ఇవ్వడం మన ఆచారం. అతను ప్రతి అంకె మళ్లీ టైపు చేసుకోవాలి. సాధారణంగా అడిగిన రూపంలోనే ఇమ్మని చట్టం చెబుతున్నా, ఆచారమే గెలుస్తోంది.

5. పేరు దాచండి, పంటను దాచకండి.
ఆధార్ నంబరు, అప్పు వివరాలు కాపాడాల్సినవే. అయితే "వ్యక్తిగతం" అంటూ ఫైలంతా మూసేయడం బద్ధకం. 2023 డేటా రక్షణ చట్టం కూడా పరిశోధనకు, గణాంకాలకు షరతులతో మినహాయింపునిచ్చింది. పేర్లు తీసేసి శనగ విస్తీర్ణం ఇవ్వండి. ఊళ్లో ఒక్కరే వేసిన పంటైతే పక్క ఊరి లెక్కలో కలిపి ఇవ్వండి.

6. మనిషిని నమ్ముకున్న లెక్క మనిషితోనే పోతుంది.
1984లో ఊరి లెక్కలు రాసే కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు రికార్డులు చేతులు మారాయి. వాటిని చదివే నేర్పు అన్నిచోట్లా మారలేదు. నరహరి గోపాలకృష్ణమ చెట్టి 1886లో తెచ్చిన కర్నూలు జిల్లా మాన్యువల్‌ను మాత్రం, ఆయన్ను అడిగే వీలు లేకున్నా, ఇప్పటికీ తిరగేస్తున్నాం. అంకెలతోపాటు వాటి వెనకున్న సంగతులూ ఆయన రాశారు. బదిలీ ఉత్తర్వు వచ్చేదాకా ఆగకుండా, మీ దగ్గరున్న ప్రతి పట్టికకూ ఓ పేజీ వివరణ ఈ వారమే మొదలుపెట్టండి.