పాకం ముదరనీ పాపా

బాగలూరు

పాపకు,

బెంగళూరులో కొత్త ఓవెన్ కొన్నావనీ, మొదటి వంటే తలకిందుల ఆపిల్ టార్ట్ పెట్టుకున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. కేకుతో మొదలుపెట్టి ఉంటే సులువయ్యేది. అయినా అనుకున్నావు కదా, మానకు.

వీడియోల్లో ఓవెన్ గురించి గంటసేపు చెబుతారు. అసలు పని పొయ్యి మీదే ఉంది. మనం పాకమంటే తీగ పాకం, ఉండ పాకం దగ్గర ఆగిపోతాం. అది దాటితే ముదిరిపోయిందని గిన్నె దించేస్తాం. ఈ టార్ట్ రుచంతా ఆ దాటిన చోటే ఉంది.

అడుగు మందమైన 8 అంగుళాల ఇనప పెనం తీసుకో. పిడి ప్లాస్టిక్‌ది అయితే వద్దు, పెనంతో సహా ఓవెన్లోకి పోవాలి. 120 గ్రాముల చక్కెర సమంగా పరిచి సన్న సెగ మీద పెట్టు. గరిటె పెట్టి తిప్పకు, గడ్డ కడుతుంది. పెనాన్నే అటూ ఇటూ వంచు. అంచులు ముందు కరుగుతాయి. వేడి 160 డిగ్రీలు దాటితే రంగు తిరగడం మొదలవుతుంది, అక్కణ్ణించి మాడడానికి ఎంతోసేపు పట్టదు. ఫోను పక్క గదిలో పెట్టి రా. ముదురు తేనె రంగు వచ్చి, పొగ లేవకముందే దించి 75 గ్రాముల వెన్న వెయ్యి. బుస్సుమని పొంగుతుంది, మొహం దూరంగా పెట్టుకో. ఈ పాకం చేతి మీద పడితే నీళ్లలా జారిపోదు, అంటుకుని కాలుస్తుంది.

బెల్లంతో చెయ్యకూడదా అని అడుగుతావు, నీ సంగతి నాకు తెలుసు. వద్దు. దాని రంగే ముదురు, మాడిందో లేదో కంటికి తెలియదు.

ఆపిల్ విషయంలో బేరం కన్నా గట్టితనం చూడు. ఈ కాలంలో సిమ్లా ఆపిల్ అని మనకు అమ్మేది ఎక్కువగా డెలిషస్ రకం. సామ్యూల్ స్టోక్స్ అనే అమెరికా ఆయన 1916లో హిమాచల్ కోట్‌గఢ్‌లో నాటించిన జాతి. తినడానికి బాగుంటుంది గానీ పులుపు తక్కువ, ఉడికితే మెత్తబడుతుంది. పిండిపిండిగా ఉన్నవి అసలే పనికిరావు. గట్టివి ఒక కిలో తెచ్చి, తొక్క తీసి, నాలుగు ముక్కలు చేసి, ముందు రోజు రాత్రి మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచు. తడి ఆరితే ముక్క చెదరదు. నల్లబడినా దిగులు పడకు, పాకంలో కనిపించదు. నిమ్మరసం కొంచెం పిండు. మన కృష్ణగిరి మామిడి పండుతో చేద్దామంటే, అది నీరు వదిలి పాకాన్ని పలచన చేస్తుంది.

ముక్కల్ని పాకంలో ఒత్తుగా పేర్చి పావుగంట ఉడికించు. పైన మూతలా వేసే పిండికి 150 గ్రాముల మైదా, 90 గ్రాముల చల్లని వెన్న, రెండు మూడు చెంచాల చల్లటి నీళ్లు. పిసక్కు, వేళ్లతో కలుపుకుంటే చాలు. ఉప్పు వెన్న వాడితే మళ్లీ ఉప్పు వేయకు. గుడ్డు లేదు కాబట్టి అవ్వ కూడా తినొచ్చు. పిండిని వత్తి ముక్కల మీద కప్పి, అంచులు లోపలికి దోపి, ఆవిరి పోవడానికి రెండు మూడు గాట్లు పెట్టి, 190 డిగ్రీల్లో 40 నిమిషాలు.

అది ఓవెన్లో ఉన్నంతసేపు దాని కథ విను. ఫ్రాన్సులో లమోత్-బ్యూవ్రోన్ అనే ఊళ్లో తతాఁ అక్కచెల్లెళ్లు, స్తెఫానీ, కరొలీన్, 19వ శతాబ్దం చివర్లో హోటల్ నడిపారు. తొందరలో తలకిందులుగా పెట్టేస్తే ఈ టార్ట్ పుట్టిందని కథ చెబుతారు. నేను నమ్మను. ఆ ప్రాంతంలో పళ్లతో తలకిందుల టార్ట్‌లు అంతకు ముందే ఉన్నాయి. పొరపాటున పుట్టిందంటే వినడానికి బాగుంటుంది, అంతే. నువ్వు మాత్రం పొరపాటు మీద ఆధారపడకు.

బయటికి తీశాక పది నిమిషాలు ఆగి, పళ్లెం బోర్లించి ఒక్క ఊపున తిప్పు. పూర్తిగా చల్లారనిస్తే పాకం పెనానికి పట్టేస్తుంది. అలా అయితే సన్న సెగ మీద ఒక నిమిషం వెచ్చబెట్టు. ఆ రోజే తినెయ్యండి, మర్నాటికి అడుగు నానిపోతుంది. మీ నాన్నకు షుగరుంది, ఆయనకు సగం ముక్క చాలు.

మీ అత్త