రెండు గొర్రెలు నేర్పిన పాఠం

వ్యవసాయం పుస్తకంలో చదివితే ఒంటబడుతుందా, కళ్లతో చూస్తేనా? ఈ ప్రశ్నకు చరిత్రలో దొరికిన ఒక జవాబును మిత్రుల ముందుంచుతున్నాను.

1807లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, పిట్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఎల్కనా వాట్సన్ అనే ఆసామి రెండు మెరినో గొర్రెలను ఊరి మధ్య ఎల్మ్ చెట్టు కింద నిలబెట్టాడు. ఆ మేలుజాతి ఉన్ని చూడటానికి జనం మూగారు. రెండు గొర్రెలకే ఇంతమంది వస్తే, ఊరి పశువులన్నీ ఒకచోట చేరితే ఎంతమంది రారు అనుకున్నాడాయన. 1810లో పశుప్రదర్శన జరిగింది. 1811లో బర్క్‌షైర్ వ్యవసాయ సంఘం వెలిసింది.

అదే రాష్ట్రంలో 1818లో పుట్టిన ఎసెక్స్ వ్యవసాయ సంఘం టాప్స్‌ఫీల్డ్ ప్రదర్శనను ఇప్పటికీ నడుపుతోంది. 2012లో అక్కడ తూచిన గుమ్మడికాయ బరువు 2,009 పౌన్లు, అంటే సుమారు 911 కిలోలు! పందిరి గుంజకు కట్టే కాయ కాదు మరి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇటువంటి ప్రదర్శనల వెనకున్న శ్రమ. పేర్లు రాసుకోవడం, బల్లలు వేయడం, చివరికి చెత్త ఊడ్వడం దాకా చాలా పనులు స్వచ్ఛంద సేవకులవే. ఫోర్-హెచ్ సంఘాల పిల్లలు తాము పెంచిన దూడల్ని తామే తోలుకొస్తారు. వాళ్లకు నేర్పేవాళ్లలోనూ జీతం పుచ్చుకోని పెద్దలే ఎక్కువ.

ఇంగ్లండులో 1839లో ఆక్స్‌ఫర్డులో మొదలైన రాయల్ షో 2009తో ఆగిపోయింది. గొప్ప పేరూ, పాత చరిత్రా దాన్ని నిలబెట్టలేకపోయాయి. ఏ ఉత్సవమైనా నిలవాలంటే, నిరుడు బల్లలు మోసినవాడు ఈ ఏడు ఇంకొకడికి ఆ పని నేర్పాలి. మన యూనియన్‌కైనా ఇదే వర్తిస్తుందని నా నమ్మకం.