దక్కనీ సాహిత్య పరిశోధకుడు డాక్టర్ జోర్ : జీవితం, కృషి

‘వద్దు’ అనడానికి ‘నక్కో’ అనీ, ‘అవును’ అనడానికి ‘హౌ’ అనీ పలకడం మన పాతబస్తీలో ప్రతి ఇంటా వినవచ్చేదే. ఉత్తరాది ఉర్దూకు అలవాటుపడినవారు ఈ పలుకుబడిని విని నవ్వుతారు. మన విద్యార్థులలో సైతం కొందరు ఇంట మాట్లాడే ఈ భాషను తరగతిలో దాచుకొంటారు. ఇది చెడిపోయిన ఉర్దూ అన్న అపోహయే ఇందుకు కారణం. ఆ అపోహను ఆధారాలతో తొలగించిన విద్వాంసులలో అగ్రగణ్యుడు డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ ‘జోర్’. ఆయన జీవితాన్నీ, కృషినీ స్థూలంగా పరిశీలించడమే మా ఉద్దేశం.

జోర్ అన్నది ఆయన కలంపేరు. 1905లో హైదరాబాదులో జన్మించారు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు తొలితరం విద్యార్థులలో ఆయన ఒకరు. అనంతరం లండన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, ప్యారిస్‌లో ధ్వనిశాస్త్రం అభ్యసించారు. ‘హిందుస్తానీ ఫోనెటిక్స్’ అన్న ఆయన ఆంగ్ల గ్రంథం 1930లో ప్యారిస్‌లో వెలువడింది. 1932లో ‘హిందుస్తానీ లిసానియాత్’ను ఉర్దూలో ప్రచురించారు. భాషాశాస్త్రం మనకు నేర్పే మొదటి పాఠం వినయం. హైదరాబాదీ ‘కలం’ను ‘ఖలం’ అంటే వ్యాకర్త దానిని తప్పుగా లెక్కిస్తాడు. ధ్వనిశాస్త్రజ్ఞుడు ఒక ప్రాంతపు లక్షణంగా నమోదు చేస్తాడు.

ఆ రోజులలో ఉర్దూ కవిత్వ చరిత్రను వలీతో ఆరంభించడం పరిపాటి. 1880లో వెలువడిన ‘ఆబె హయాత్’లో మహమ్మద్ హుస్సేన్ ఆజాద్ వలీని ఉర్దూ కవితకు ఆదిపురుషునిగా నిలిపారు. కాని వలీకి శతాబ్దం ముందే గోల్కొండలో ఉన్నత సాహిత్యం వెలసింది. 1580 నుంచి 1612 వరకు పాలించి, 1591లో చార్మినార్ నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయంగా గొప్ప కవి. ఆయన ఆస్థానకవి వజ్హీ 1609లో ‘కుతుబ్ ముష్తరీ’ కావ్యాన్నీ, తర్వాత 1635లో ‘సబ్‌రస్’ గద్యకృతినీ రచించాడు. ఈ సంపదను వెలికితీయడంలో మౌల్వీ అబ్దుల్ హఖ్, నసీరుద్దీన్ హాష్మీ వంటివారి శ్రమ కూడా స్మరణీయమే. అయితే దానికొక సంస్థను, ఒక పత్రికను, ఒక భవనాన్ని సమకూర్చిన ఘనత జోర్‌ది.

1931లో ఆయన ‘ఇదారయె అదబియాతె ఉర్దూ’ను స్థాపించారు. 1938లో ‘సబ్‌రస్’ మాసపత్రికను ప్రారంభించారు. ఆ పేరు వజ్హీ గ్రంథానిది. చెదలపాలవుతున్న రాతప్రతులను సేకరించి, వాటి వివరణ పట్టికలను సంపుటాలుగా ప్రకటించారు. ఆయన సతీమణి, కవయిత్రి తహనియతున్నిసా బేగం ఇచ్చిన స్థలంలో పంజాగుట్టవద్ద ‘ఐవానె ఉర్దూ’ భవనం వెలసింది. 1940లో జోర్ పరిష్కరణలో కులీ కుతుబ్‌షా కవితా సర్వస్వం అచ్చయింది. అందులో రాజప్రశంసలకన్నా వసంతోత్సవం, ఈద్, షబే బరాత్, వానలు, పండ్లు, కూరగాయలు, నగరపు మేడలు ఎక్కువగా కనిపిస్తాయి. ఈ నేలను ప్రేమించిన కవి ఆయన.

రాతప్రతిని పరిష్కరించడం ఎంత కష్టమో ఒక ఉదాహరణ చూపుతాము. ఉర్దూ లిపిలో హ్రస్వ స్వరాలను సాధారణంగా రాయరు. మీము, రే, గాఫ్ అన్న మూడక్షరాలు వరుసగా ఉంటే ఫారసీ మాత్రమే తెలిసినవాడు దానిని ‘మర్గ్’ అని చదువుతాడు, అనగా మరణం. దక్కన్ మనిషి అదే మాటను ‘మిర్గ్’ అని చదువుతాడు. అనగా తొలకరి తెచ్చే మృగశిర కార్తె. మన తెలంగాణ రైతు దీనినే ‘మిరుగు’ అంటాడు. కులీ కుతుబ్‌షా ఈ మిర్గ్ రాకను గురించి కవితలు రాశాడు. కార్తెలు తెలియని పండితుడు వానను చావుగా చదివే ప్రమాదమున్నదన్నమాట! దక్కనీ సాహిత్యం చదవడానికి నిఘంటువు చాలదు. ఈ నేల, ఇరుగుపొరుగు భాషలూ తెలియాలి. కనుక తెలుగు విద్యార్థికీ ఈ సంపదలో వాటా ఉన్నది.

ఇదే దశాబ్దంలో, ఇదే నగరంలో, సురవరం ప్రతాపరెడ్డిగారు తెలుగున ఇటువంటి కార్యమే సాధించారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు బదులుగా 1934లో 354 మంది కవులతో ‘గోల్కొండ కవుల సంచిక’ను ప్రకటించారు. ఇద్దరూ ఎత్తిపొడుపుకు కోపంతోగాక, గ్రంథంతో సమాధానమిచ్చారు.

సుదూర ఐస్‌లాండు ద్వీపచరిత్ర కూడా ఇదే చెబుతున్నది. అక్కడి మధ్యయుగపు చర్మపత్ర గ్రంథాలను ఆర్నీ మాగ్నూసన్ (1663–1730) ఇంటింటా వెదకి సేకరించాడు. కొన్ని పత్రాలను జనం అప్పటికే ఇతర అవసరాలకు కత్తిరించుకొన్నారు. 1728లో కోపెన్‌హాగెన్ అగ్నిప్రమాదంలో ఆయన గ్రంథాలయం కొంత దగ్ధమైంది. ఐస్‌లాండుకు చెందిన రెండు మహాగ్రంథాలు 1971లో స్వదేశం చేరినపుడు జనం రేవులో గుమికూడి స్వాగతం పలికారు. చిన్న జాతి తన ప్రాచీన వాఙ్మయాన్ని గౌరవించుకొన్న తీరు అది.

జోర్ అభిప్రాయాలన్నీ నిర్వివాదాలు కావు. భాగమతి కథను ఆయన చరిత్రగా అంగీకరించగా, ఆచార్య హరూన్‌ఖాన్ షేర్వానీ ప్రశ్నించారు. పరిశోధనలో ఇట్టి భేదం దోషం కాదు. జీవితపు చివరి దశలో జోర్ కాశ్మీరులో ఉర్దూ ఆచార్యులుగా పనిచేస్తూ 1962లో శ్రీనగర్‌లో కన్నుమూశారు. ఆయన చూపిన బాటలోనే 1985లో ఆచార్య సయ్యదా జాఫర్ కులీ కుతుబ్‌షా కవితా సర్వస్వాన్ని మరల పరిష్కరించి ప్రచురించారు.

మన కళాశాలలో రెండు భాషలు ఒకే కప్పు కింద వినిపిస్తున్నాయి. కనుక విద్యార్థులకు మా మనవి రెండు మాటలు. మీ ఇళ్ళలోని పాత పెట్టెలలో చేతిరాత కాగితాలుంటే, తూకానికి అమ్మే ముందు ఒక్కసారి చదవగలిగినవారికి చూపండి. మీ నానమ్మ, మీ నానీ మాట్లాడే మాటను విని నవ్వే ముందు, ఒక్కసారి రాసుకోండి. ఒక నవాబు పద్యమో, ఒక రైతు కార్తె పేరో అందులో దాగి ఉండవచ్చు.