డ్యూటీలో ఉన్న నర్సుకు డిగ్రీ చదువు: దాతలు తెలుసుకోవలసిన సంగతులు



విద్యా సహాయం కోసం మన సొసైటీకి వచ్చే దరఖాస్తుల్లో ఈ మధ్య ఒక కొత్త రకం కనిపిస్తోంది. అడుగుతున్నది కాలేజీలో చేరబోయే పిల్ల కాదు, ఇప్పటికే సంపాదిస్తున్న అమ్మాయి. జీఎన్‌ఎం పూర్తిచేసి, నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని, దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్బీనగర్‌లోనో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగైదేళ్ళుగా పనిచేస్తూ ఉంటుంది. "ఆన్‌లైన్‌లో బీఎస్సీ నర్సింగ్ చేయాలనుకుంటున్నాను, ఫీజుకు సాయం చేయండి" అని రాస్తుంది. దరఖాస్తుకు ఒక రంగుల కరపత్రం జతచేసి ఉంటుంది. ఉద్యోగం మానక్కర్లేదు, క్లాసులకు రానక్కర్లేదు, ఏడాదిలో సర్టిఫికెట్ చేతికి వస్తుందని అందులో ఉంటుంది.

ఇలాంటి దరఖాస్తు ముందుకు వచ్చినప్పుడు దాతల్లో రెండు మాటలు వినిపిస్తాయి. సంపాదిస్తున్న మనిషికి మనం ఎందుకివ్వాలి అని కొందరు. చదువుకుంటానంటోంది కదా, వెంటనే ఫీజు కట్టేయండి అని మరికొందరు. రెండూ తొందరపాటు మాటలేనని మా అభిప్రాయం. ముందు ఈ చదువు ఏమిటో, ఏ డిగ్రీ చెల్లుతుందో, ఏది చెల్లదో తెలుసుకుంటే మన రూపాయి ఎక్కడ పెట్టాలో తేలికగా అర్థమవుతుంది.

ఈ సిస్టర్లు ఎవరు?

మలక్‌పేట నుంచి మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి మీదుగా ఎల్బీనగర్ రింగురోడ్డు దాకా వెళ్ళండి. ఒకవైపు కోచింగ్ సెంటర్ల బోర్డులు, మరోవైపు ఆసుపత్రుల బోర్డులు. విజయవాడ రోడ్డు, నాగార్జునసాగర్ రోడ్డు ఎల్బీనగర్ దగ్గర నగరంలోకి వస్తాయి కాబట్టి నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి వచ్చే రోగులకు మొదట కనబడేవి ఈ ఆసుపత్రులే. అక్కడ పనిచేసే నర్సుల్లోనూ చాలామంది ఆ జిల్లాల పిల్లలే. చైతన్యపురి, కొత్తపేట హాస్టళ్ళలో ఒక గదిలో నలుగురు ఉంటారు. మన అమ్మాయిలు మాత్రం సైదాబాద్, సంతోష్‌నగర్, సరూర్‌నగర్ ఇళ్ళ నుంచే వెళ్ళి వస్తుంటారు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట, ఎల్బీనగర్ మధ్య మెట్రో మొదలయ్యాక రాకపోకలు కొంత సులువయ్యాయి.

నైట్ డ్యూటీ అంటే సాయంత్రం ఎనిమిదికి వెళ్ళి పొద్దున ఎనిమిదికి దిగడం. హ్యాండోవర్ ఇచ్చి బయటపడేసరికి ఇంకో అరగంట. ఇంటికి వెళ్ళి పడుకుని లేచేసరికి మళ్ళీ వెళ్ళే వేళవుతుంది. "ఆన్‌లైన్" అనే మాట ఈ పిల్లలకు ఎందుకంత తీయగా వినిపిస్తుందో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

జీఎన్‌ఎం, బీఎస్సీ, పోస్ట్ బేసిక్

జీఎన్‌ఎం అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ. ఇది డిప్లొమా. ఒకప్పుడు మూడున్నరేళ్ళు ఉండేది, ఇప్పుడు మూడేళ్ళు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళ డిగ్రీ. రెండిట్లో ఏది చదివినా కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఒకటే. వార్డులో వేసుకునే యూనిఫాం ఒకటే, పెట్టే సెలైన్ ఒకటే. అందుకే చాలా ఇళ్ళలో "నర్సు ఉద్యోగం వచ్చేసింది కదా, ఇంకా డిగ్రీ ఎందుకు" అంటారు.

తేడా ఆ తర్వాత తెలుస్తుంది. నర్సింగ్ స్కూల్లో ట్యూటర్ కావాలన్నా, ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరాలన్నా, క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు చేయాలన్నా డిగ్రీ ఉండాలి. ఎయిమ్స్ ఆసుపత్రుల నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష నార్సెట్‌కు బీఎస్సీ వాళ్ళు చదువు అయిన వెంటనే కూర్చోవచ్చు. జీఎన్‌ఎం వాళ్ళకైతే కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ళ అనుభవం చూపించాలి. అయితే మన రాష్ట్ర ప్రభుత్వ స్టాఫ్ నర్సు ఉద్యోగాలకు జీఎన్‌ఎం కూడా చాలు. 2022 చివర 5,204 పోస్టులకు వచ్చిన నోటిఫికేషన్‌లో రెండు అర్హతలకూ చోటుంది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, డిగ్రీ లేకపోతే బతుకే లేదని భయపెట్టి ఫీజులు గుంజేవాళ్ళు ఉన్నారు. జీఎన్‌ఎంను ఇక ఆపేస్తారన్న మాట కొన్నేళ్ళ కిందట గట్టిగానే వినిపించింది. అది అమలు కాలేదు. పాత రిజిస్ట్రేషన్ రద్దవుతుందని ఎవరైనా చెబితే మన అమ్మాయిలు నమ్మనక్కర్లేదు.

జీఎన్‌ఎం చదివినవాళ్ళు డిగ్రీ అందుకోవడానికి ఉన్న మెట్టు పేరు పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్. కాలేజీకి వెళ్ళి చదివితే రెండేళ్ళు. మన రాష్ట్రంలో ఈ సీట్లకు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ ఇస్తుంది. పేరు దగ్గరగా ఉండే మరొకటి ఉంది, పోస్ట్ బేసిక్ డిప్లొమా. క్రిటికల్ కేర్, ఆంకాలజీ వంటి ఒక విభాగంలో ఏడాది శిక్షణ అది. మంచి చదువే, కానీ డిగ్రీ కాదు. దరఖాస్తులో ఈ రెండిటినీ కలిపేసి రాసేవాళ్ళున్నారు కనుక చదివేటప్పుడు "బీఎస్సీ" అన్న మాట ఉందో లేదో చూడాలి.

ఆన్‌లైన్ మాట

ఇక అసలు సంగతి. మన దేశంలో పూర్తిగా ఆన్‌లైన్‌లో చేసే నర్సింగ్ డిగ్రీకి గుర్తింపు లేదు. యూజీసీ 2020లో తెచ్చిన దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల నిబంధనలు వైద్యం, ఫార్మసీ, ఇంజనీరింగ్‌లతో పాటు నర్సింగ్‌ను కూడా ఆ పద్ధతి నుంచి మినహాయించాయి. 1947 చట్టంతో ఏర్పడిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ మొదటి నుంచీ రోగి పక్కన నిలబడి చేసిన శిక్షణనే లెక్కలోకి తీసుకుంటుంది. ఆ పాత చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. చట్టం మారినంత మాత్రాన కరపత్రం వాళ్ళ సర్టిఫికెట్‌కు విలువ రాదు.

పనిచేస్తూ చదవడానికి ఉన్న పేరున్న దారి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, 1994లో మొదలుపెట్టిన పోస్ట్ బేసిక్ బీఎస్సీ. ఇది ఉద్యోగంలో ఉన్న నర్సుల కోసమే రూపొందించినది. ఇంటర్ తర్వాత జీఎన్‌ఎం చేసినవాళ్ళకు రిజిస్ట్రేషన్ తర్వాత రెండేళ్ళ అనుభవం ఉండాలి. పదో తరగతి తర్వాత చేసిన పాత తరం వాళ్ళకు ఐదేళ్ళు. ప్రవేశ పరీక్ష ఉంటుంది. కోర్సు కనీసం మూడేళ్ళు, ఐదేళ్ళలోగా ముగించాలి. బోధన ఇంగ్లిషులో. పుస్తకాలు ఇంటి దగ్గర చదువుకోవచ్చు గాని ప్రాక్టికల్స్‌కు కేటాయించిన కేంద్రానికి వెళ్ళక తప్పదు, హాజరు తప్పనిసరి. కాబట్టి దీన్ని ఆన్‌లైన్ డిగ్రీ అనకూడదు, దూరవిద్య డిగ్రీ అనాలి. ఆ సంవత్సరం ప్రవేశాలు ఉన్నాయా, మనకు అందే దూరంలో స్టడీ సెంటర్ ఉందా అన్నది ఇగ్నో నోటిఫికేషన్ చూసి, హైదరాబాద్ ప్రాంతీయ కేంద్రంలో అడిగి నిర్ధారించుకున్న తర్వాతే చెక్కు రాయాలి.

మన నగరంలోనే 1982 నుంచి ఉన్న అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం గురించి కూడా అడుగుతుంటారు. అక్కడ బీఏ చేస్తే అది డిగ్రీయే, గ్రూప్స్ పరీక్షలు రాసుకోవచ్చు. నర్సింగ్ నిచ్చెనలో మాత్రం అది మెట్టు కాదు.

చెల్లని డిగ్రీ వల్ల పోయేది డబ్బొక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. ఆ సర్టిఫికెట్ పట్టుకుని రాష్ట్ర కౌన్సిల్‌కు వెళితే అదనపు అర్హతగా నమోదు చేయరు. విదేశీ ఉద్యోగానికి పెడితే పరిశీలనలో తిరిగొస్తుంది. దొంగ పత్రం పెట్టిందన్న మచ్చ నిజమైన జీఎన్‌ఎం మీద కూడా పడే ప్రమాదం ఉంది. ఐదేళ్ళు రాత్రింబవళ్ళు చేసిన సేవను అనుమానంగా చూస్తారు.

మరి అమెరికాలో ఎలా కుదిరింది?

ఈ ప్రశ్న దాతల్లో అమెరికాలో పిల్లలున్నవాళ్ళు తప్పకుండా వేస్తారు. అక్కడ పనిచేసే రిజిస్టర్డ్ నర్సులు ఆన్‌లైన్‌లో బ్యాచిలర్ డిగ్రీ చేయడం మామూలు విషయం. ఇక్కడ జీఎన్‌ఎం చేసి, అక్కడి ఎన్‌క్లెక్స్ పరీక్ష గట్టెక్కి ఉద్యోగంలో ఉన్న మన తెలుగు నర్సులకు కూడా ఆ దారి తెరిచే ఉంటుంది. నర్సు అప్పటికే ఆసుపత్రి శిక్షణ పొంది లైసెన్సు తీసుకుంది కనుక, డిగ్రీలో కలిపేది ప్రధానంగా పరిశోధన చదవడం, ప్రజారోగ్యం, వార్డు నిర్వహణ అని వాళ్ళ వాదన. కాలేజీలకు గుర్తింపు ఇచ్చే సంస్థలు వేరుగా ఉన్నాయి. 2010లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2020 కల్లా నర్సుల్లో 80 శాతం మందికి బ్యాచిలర్ డిగ్రీ ఉండాలని సూచించింది. న్యూయార్క్ రాష్ట్రం 2017లో చట్టమే చేసింది, కొత్తగా లైసెన్సు పొందే నర్సులు పదేళ్ళలో డిగ్రీ అందుకోవాలని.

ఇంత పట్టుదల ఎందుకంటే దాని వెనక ఒక పరిశోధన ఉంది. 2003లో లిండా ఐకెన్, ఆమె సహచరులు పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స రోగుల వివరాలు పరిశీలించారు. డిగ్రీ ఉన్న నర్సుల వాటా 10 శాతం ఎక్కువున్న చోట, 30 రోజుల్లోగా రోగి చనిపోయే అవకాశం 5 శాతం తక్కువగా కనిపించింది. 2014లో యూరప్‌లోని తొమ్మిది దేశాల లెక్కలతో చేసిన అధ్యయనంలో ఆ తగ్గుదల 7 శాతం. డిగ్రీ కాగితమే ప్రాణం నిలిపిందని దీన్నిబట్టి అనలేం. డిగ్రీ నర్సులున్న ఆసుపత్రుల్లో మిగతా వసతులూ మెరుగ్గా ఉండవచ్చు. పరిశోధకులు అలాంటి తేడాలను లెక్కకట్టి తీసేయడానికి ప్రయత్నించాక కూడా ఆ అంతరం మిగిలింది, అంతవరకే చెప్పగలం. దిల్‌సుఖ్‌నగర్ ఆసుపత్రిలో పడుకున్న మన అమ్మకో నాన్నకో కూడా ఇది సంబంధించిన విషయమేనని గుర్తుంటే చాలు.

మా సొంత అభిప్రాయం ఒకటి చెబుతాం. మన దేశపు నిబంధన మరీ బిగువుగా ఉంది. ఐదేళ్ళు ఐసీయూలో పనిచేసిన సిస్టర్ పరిశోధన పాఠాన్ని, నర్సింగ్ విద్య పాఠాన్ని ఇంట్లో ఫోన్‌లో వినగలదు. ప్రాక్టికల్స్ మాత్రం ఆసుపత్రిలో పెడితే సరిపోతుంది. ఏదో ఒకనాడు అలాంటి పద్ధతి వస్తుందేమో. వచ్చేదాకా ఉన్న నిబంధన ప్రకారమే నడవాలి.

గల్ఫ్ లెక్క

మన ఇళ్ళలో నర్సింగ్ అనగానే ముందు గల్ఫ్ గుర్తుకొస్తుంది. సౌదీ ఆరోగ్య కమిషన్ వర్గీకరణలో డిప్లొమా నర్సు టెక్నీషియన్, డిగ్రీ నర్సు స్పెషలిస్టు. హోదాలో ఆ తేడా జీతంలోనూ కనబడుతుంది. యూఏఈలో డిగ్రీ నిబంధన బిగించినప్పుడు, 2019 ప్రాంతంలో, అక్కడ ఏళ్ళ తరబడి పనిచేస్తున్న భారతీయ డిప్లొమా నర్సులు చాలా కలవరపడ్డారు. అలాంటి సమయంలో హడావుడిగా డిగ్రీ వెతుక్కునేవాళ్ళకే కరపత్రాల వాళ్ళు దొరుకుతారు. వెళ్ళకముందే, ఇక్కడ ఉద్యోగంలో ఉన్నప్పుడే ఆ మెట్టు ఎక్కి వెళ్ళడం మేలు.

డబ్బు దేనికి కావాలి?

మనం మామూలుగా ఫీజు కట్టి రసీదు దాఖలు చేసుకుంటాం. ఉద్యోగంలో ఉన్న నర్సుకు ఫీజు ఒక భాగమే. ఉదాహరణకు నెలకు 20,000 జీతం అనుకుందాం. రెండేళ్ళ రెగ్యులర్ కోర్సులో చేరితే ఉద్యోగం మానాలి, అంటే 4,80,000 రూపాయల రాబడి పోయినట్టే. ఆ జీతం మీద తమ్ముడి చదువో, అబ్బాజాన్ మందులో నడుస్తుంటే ఆమె చేరనే చేరదు. మనం ఫీజు మొత్తం ఇస్తామన్నా చేరదు. దూరవిద్యలో జీతం నిలుస్తుంది, కాని ప్రాక్టికల్స్ రోజులకు సెలవు దొరకాలి. సెలవు దొరికినా ఆ రోజుల జీతం కోస్తారు. రానుపోను ఖర్చు, ఒక పాత ల్యాప్‌టాప్, ప్రవేశ పరీక్షకు ముందు ఇంగ్లిషులో కొంత తర్ఫీదు, ఇవీ ఆమెకు అడ్డుపడేవి.

అందుకని ఇలాంటి దరఖాస్తులకు ఫీజు సగం, కోతపడిన జీతం సగం అన్న పద్ధతి మేలని మేము అనుకుంటున్నాం. జకాత్ సొమ్ము ఎవరికి చెల్లుతుందో ఉలమా చెప్పవలసిన విషయం, ఆ చర్చ ఇక్కడ చేయం. ఇల్లు నడుపుతూ జీతం తెచ్చుకునే అమ్మాయి చాలాసార్లు దానం అడగడానికి సిగ్గుపడుతుంది కూడా. ఆమెకు ఖర్జె హసనా, వడ్డీలేని అప్పు, చక్కగా సరిపోతుంది. డిగ్రీ వచ్చి జీతం పెరిగాక నెలనెలా తీర్చితే ఆ డబ్బే ఇంకో సిస్టర్‌కు వెళుతుంది.

నర్సింగ్ మన ఆడపిల్లలకు తగదన్న మాట ఇంకా అక్కడక్కడ వినబడుతోంది. మదీనా మస్జిద్‌లో గుడారం వేసి గాయపడినవాళ్ళకు సేవ చేసిన హజ్రత్ రుఫైదా (రజి) పేరు మన పిల్లల పుస్తకాల్లోనే ఉంది. దానిమీద ఇంతకన్నా వాదించం.

కమిటీ ముందుకు దరఖాస్తు వచ్చినప్పుడు నాలుగు కాగితాలు అడగమని మనవి. రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఆసుపత్రి అనుభవ పత్రం, ప్రవేశం ఇచ్చిన విశ్వవిద్యాలయం లేఖ, ఆ కోర్సు గుర్తింపు ఉందని చూపే పత్రం. నాలుగోది తేలేకపోతే అమ్మాయిని ఖాళీ చేతులతో పంపకండి. కూర్చోబెట్టి సంగతి చెప్పి, పోస్ట్ బేసిక్ నోటిఫికేషన్ వచ్చేదాకా పేరు రాసి ఉంచండి. ఐదోది మేమే సంపాదించాలి: ప్రాక్టికల్స్ రోజుల్లో సెలవిస్తామని ఆమె ఆసుపత్రి నర్సింగ్ సూపరింటెండెంట్ రాసిచ్చే చిన్న ఉత్తరం. అమ్మాయి ఒక్కతే వెళ్ళి అడిగితే "రోస్టర్‌లో మనుషుల్లేరు" అంటారు. అదే ఆసుపత్రిలో వైద్యం చేయించుకునే దాతలు, అక్కడి డాక్టర్లను ఎరిగిన దాతలు మనలో ఉన్నారు. వాళ్ళు వచ్చి ఒక పావుగంట కూర్చుంటే ఆ ఉత్తరం వస్తుంది. ఈ పనికి ముందుకొచ్చేవాళ్ళు సొసైటీ కార్యాలయంలో పేరు ఇవ్వగలరు.